చెరువు పక్కన ఇల్లు: గుంట మగ్గానికీ బొమ్మల గదికీ ఒకే కప్పు కింద చోటు కుదిరేదెలా?

కుంచెగీత (ప్రశ్న)

అందరికీ నమస్కారం. యాదాద్రి భువనగిరి జిల్లాలో, పుట్టపాకకు దగ్గరగా ఉన్న మా ఊరి చెరువు పక్కన మాకు 800 గజాల స్థలం ఉంది. తూర్పున రోడ్డు, పడమరన చెరువు. రోడ్డు వెంబడి వెడల్పు 45 అడుగులు, రోడ్డు నుంచి చెరువు దాకా పొడవు 160 అడుగులు. నేల చెరువు వైపు మెల్లగా వాలుతుంది; ఆ చివరికీ ఈ చివరికీ ఆరడుగుల తేడా ఉందని మేస్త్రీ మట్టం చూసి చెప్పాడు. నిండినప్పుడు చెరువు అరవై ఎకరాల మేర పరుచుకుంటుంది. వేసవిలో మాత్రం చాలా ఏళ్ళు కట్ట దగ్గరి మడుగు తప్ప మిగిలినదంతా నెర్రెలు విచ్చి, పశువులు మేసే నేలగా మారిపోతుంది.

ఇంట్లో ఆరుగురం. మామగారు గుంట మగ్గం మీద తేలియా రుమాళ్ళు, దుపట్టాలు నేస్తారు. అత్తయ్య ఆసు పోస్తారు (నేతకు ముందు నూలును మేకుల మీదుగా వరసగా చుట్టడం), చిటికి కడతారు (రంగు అంటకూడని చోట పోగులను బిగించి కట్టడం), నూలుకు నూనె పట్టించే పని కూడా ఆమెదే. నేను పిల్లల పుస్తకాలకు నీటి రంగులతో బొమ్మలు వేస్తాను. మావారు వారంలో సగం రోజులు ఇంటి నుంచే ఉద్యోగం చేస్తారు. పిల్లలిద్దరూ బడికి వెళ్ళే వయసువాళ్ళు. ఇప్పుడున్న ఇంట్లో మగ్గం, మంచాలు, నా కాగితాలు అన్నీ రెండు గదుల్లోనే సర్దుకున్నాం. పడుగు సాగదీయడానికి వీధి, రంగు వేసిన నూలు ఆరబెట్టడానికి పక్కింటివారి మిద్దె మాకు ఆధారం. కొత్త ఇంట్లో ఎవరి పనికి వారికి చోటు ఉండాలని, ఒకరి కోసం మరొకరు పని ఆపుకోవలసిన అవసరం రాకూడదని నా కోరిక.

ఒకరితో ప్లాను గీయించాం. ఆయన ఇంటిని మొత్తంగా చెరువు చివరకు జరిపి, పడమటి గోడ అంతా అద్దాలు చూపించి, ఆ అద్దాల వెనకే మగ్గం గదినీ నా గదినీ పెట్టారు. చూడటానికి బాగుంది కానీ నాకు సందేహాలు తీరలేదు. చెరువుకు అంత దగ్గరగా కట్టవచ్చా? మగ్గానికి దాదాపు మూడడుగుల గుంట కావాలి. ఇప్పటి ఇంట్లోనే వానాకాలంలో ఆ గుంట గోడలు చెమర్చుతుంటే, చెరువు పక్కన నీళ్ళు ఊరకుండా ఉంటాయా? నూలుకు మంచిదైన తేమ నా కాగితాలకు చేటు కాదా? మగ్గం చప్పుడుకు దూరంగా నా గది ఎక్కడ ఉండాలి? ఇవి కాక, పడమరన నీళ్ళు ఉండటం వాస్తుకు సరిపోదని ఇంట్లో పెద్దల దిగులు. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

మత్తడిమట్టం

అమ్మా, నేను నీటిపారుదల శాఖలో చెరువుల మరమ్మతులు చూసి పదవీ విరమణ చేసిన ఇంజనీరును. గదుల సంగతి తరువాత. ముందు నీటి మట్టం తేలాలి.

చెరువు పక్కన స్థలం అన్నప్పుడు అది చెరువుకు ఏ పక్కన ఉందన్నదే మొదటి ప్రశ్న. కట్టకు దిగువన, ఆయకట్టు వైపు ఉంటే ఏడాది పొడవునా ఊట ఉంటుంది, కట్ట తెగితే ఆ ప్రవాహమంతా నేరుగా ఇంటి మీదికే వస్తుంది. 2020 అక్టోబరు వానలకు హైదరాబాదులో బాలాపూర్ గుర్రం చెరువు తెగినప్పుడు మునిగినవి దిగువనున్న బస్తీలే. మీరు చెప్పినదాన్ని బట్టి నీరు మీ స్థలం వైపే పరుచుకుంటోంది కాబట్టి మీరు ఎగువ అంచున ఉన్నారు. అది కొంత మేలు. అయితే ఎగువ అంచుకు తనదైన హద్దు ఉంది.

ఎఫ్.టి.ఎల్. అని అందరూ అనే పూర్తి నీటి మట్టం అంటే, మత్తడి (నిండిన చెరువు నీరు పొర్లిపోయే అలుగు) పైమట్టం దాకా నీరు నిలిచినప్పుడు చెరువు చుట్టూ ఏర్పడే గీత. ఎండాకాలంలో నీరు ఎక్కడ ఉందన్న దానితో దీనికి సంబంధం లేదు. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువులకు ఈ గీత నుంచి 30 మీటర్ల దాకా కట్టడాలు ఉండకూడదు. అంతకన్నా చిన్న చెరువులకూ కుంటలకూ ఆ దూరం 9 మీటర్లు. మీ చెరువు అరవై ఎకరాలు కాబట్టి 30 మీటర్లు వదలాలి. మీ పడమటి హద్దు సరిగ్గా ఎఫ్.టి.ఎల్. గీత మీదే ఉందనుకుంటే, 160 అడుగుల పొడవులో దాదాపు 98 అడుగులు కట్టడానికి పనికిరావు. రోడ్డు వైపు 62 అడుగులే మిగులుతాయి. మీకు చూపించిన ప్లానులో ఇల్లు ఉన్న చోటు మొత్తం నిషిద్ధమే. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడిన తరువాత హైదరాబాదు చెరువుల దగ్గర జరిగిన కూల్చివేతలను మీరు వార్తల్లో చూసే ఉంటారు. మీ ఊరు దాని పరిధిలోకి రాకపోయినా ఈ దూరాన్ని చట్టం కోసమే కాక చెరువు కోసం కూడా పాటించండి. ఆ అంచున మట్టి పోసి మిట్ట చేస్తే చెరువులో పట్టవలసిన నీరు ఇంకెవరి పొలంలోకో, ఇంట్లోకో పోతుంది.

కాగితాల విషయంలో, స్థలం శిఖం (చెరువు నీరు నిలిచే నేల) పట్టా కాదని రూఢి చేసుకోండి. పట్టా ఉన్నా శిఖం భూమి నీరు దిగినప్పుడు సాగు చేసుకోవడానికే తప్ప ఇంటికి కాదు. గ్రామ పటంలో సర్వే నంబరు, నాలా మార్పిడి (సాగు భూమిని సాగేతర భూమిగా మార్చడం), నీటిపారుదల శాఖ నుంచీ రెవెన్యూ శాఖ నుంచీ నిరభ్యంతర పత్రం, ఇవన్నీ చేతిలోకి వచ్చాకే పునాది తీయండి. చెరువులోకి నీరు తెచ్చే వాగు గానీ కాలువ గానీ మీ పక్క నుంచి పోతుంటే దానికీ విడిగా దూరం వదలాలి.

ఇక ఇంటి నేల ఎత్తు. పెద్ద వానకు మత్తడి దుంకుతున్నప్పుడు నీరు మత్తడి పైమట్టం కన్నా ఇంకొంత ఎత్తున నిలుస్తుంది. ఎంత ఎత్తు అన్నది మత్తడి పొడవును బట్టీ, వచ్చే వరదను బట్టీ మారుతుంది. అయితే ఆ నీరు కట్ట పైమట్టాన్ని దాటి ఎక్కువసేపు నిలవలేదు, ఎందుకంటే దాటిందంటే కట్టే తెగిపోతుంది. అందుకని ఇంటి నేల కట్ట పైమట్టానికి తగ్గకుండా చూసుకోవడం నేను అందరికీ చెప్పే నియమం. ఆటో లెవెల్ యంత్రంతో మత్తడి నుంచీ కట్ట నుంచీ మీ రోడ్డు దాకా మట్టం తెప్పించుకోండి; సర్వేయరుకు ఒక పూట పని.

పునాదికి ముందు మూడు చోట్ల గుంతలు తవ్వించి చూడండి. మీ ప్రాంతంలో ఎర్ర చెలక కింద త్వరగానే మొరం తగులుతుంది కానీ చెరువు అంచున నల్లటి ఒండ్రు పొర ఉండవచ్చు. ఆ పొర తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయి గోడలను చీలుస్తుంది. పలుచగా ఉంటే తీసివేసి మొరం దాకా దిగండి. లోతుగా ఉంటే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసం రూపొందించిన, అడుగున ఉబ్బెత్తుగా ఉండే అండర్ రీమ్డ్ పైల్స్ వేయించండి. ఇంకొక్క జాగ్రత్త: దగ్గర్లో దొరుకుతోంది కదా అని చెరువు పూడిక మట్టితో అరుగు నింపనివ్వకండి. పొలానికి బలమిచ్చే ఆ మట్టి గచ్చు కింద పనికిరాదు.

కుంచెగీత

చాలా కృతజ్ఞతలు సార్. మీరు చెప్పింది చదివాక ఇంట్లో అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. స్థలంలో సగానికి పైగా వదిలేయాలన్న మాట మొదట కష్టంగా అనిపించినా కారణం అర్థమైంది. శిఖం కాదని కాగితాల్లో ఉంది, మట్టాలు తెప్పిస్తాం. అయితే మిగిలిన 62 అడుగుల్లో రెండు పని గదులు, మూడో నాలుగో పడకగదులు, వంటిల్లు పడతాయా? వదిలేసిన చోటును ఏ రకంగానూ వాడుకోకూడదా?

సున్నపుగోడ

నేను వాస్తుశిల్పిని, వరంగల్, నల్లగొండ జిల్లాల్లో ఇళ్ళు కడుతుంటాను. మీ స్థలానికి ఆ 30 మీటర్ల నియమం మేలే చేస్తుందని నా అభిప్రాయం, ఎందుకంటే మీ ఇంటి పనుల్లో అన్నింటికన్నా ఎక్కువ చోటు కావలసినది పడుగు సాగదీయడం. దానికి గోడలూ కప్పూ అక్కరలేదు, పొడవైన తిన్నని ఆరుబయలు కావాలి. కట్టకూడని ఆ 98 అడుగులు నేలను ఎత్తకుండా, గచ్చు చేయకుండా, పచ్చిక మీద రెండు వరుసల చెట్ల నడుమ అలాగే ఉంచితే, ఈనాడు వీధిలో జరుగుతున్న పని రేపు మీ పెరట్లో జరుగుతుంది. పడమటెండ తగ్గడానికి వేప, కానుగ నాటండి. నీటి అంచుకు దగ్గరలో తెల్లమద్ది బాగా బతుకుతుంది, వేళ్ళతో ఒడ్డును పట్టి ఉంచుతుంది.

ఇంటి సంగతి. ముందు పదడుగులు వదిలితే 52 అడుగుల పొడవు మిగులుతుంది. వెడల్పులో దక్షిణం పక్క ఐదడుగులు చాలు, ఉత్తరం పక్క మాత్రం పది వదలండి. ఉత్తరపు పొరుగువారు రేపు మేడ కట్టినా మీ వెలుతురు మీకు మిగలాలి. అప్పుడు ఇల్లు 30 అడుగుల వెడల్పున వస్తుంది. నడుమ చిన్న మండువా, పడమరన ఎనిమిది అడుగుల లోతున్న వసారా పెట్టినా, రెండు అంతస్తుల్లో మీ ఆరుగురికీ ఇరుకు ఉండదు.

మగ్గం గుంటకు పరిష్కారం మీ నేల వాలులోనే ఉంది. 160 అడుగులకు ఆరడుగుల వాలు అంటే రోడ్డు నుంచి ఇల్లు ముగిసే 62 అడుగుల దగ్గర నేల రెండడుగులకు పైగా దిగి ఉంటుంది. ఇంటి నేలను రోడ్డు కన్నా అడుగున్నర ఎత్తున పెడితే, వీధి గుమ్మం దగ్గర మూడు మెట్లే ఉంటాయి కానీ పడమటి కొసన అరుగు ఎత్తు దాదాపు నాలుగు అడుగులు అవుతుంది. మగ్గం గదిని ఆ కొసన, వాయవ్యంలో పెట్టి, మూడడుగుల గుంటను భూమిలోకి తవ్వకుండా ఆ అరుగులోనే కట్టండి. గుంట అడుగు బయటి నేల కన్నా పైనే ఉంటుంది, చెరువు మట్టానికి ఇంకా ఎంతో పైన ఉంటుంది. అరుగును మొరంతో పొరలు పొరలుగా దిమ్మిస కొట్టి నింపాలి. గుంట చుట్టూ తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, అడుగున మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిచి దాని మీద కాంక్రీటు, లోపల నీరు పట్టని పూత ఉంటే చాలు. మామగారు వీధి నుంచి మగ్గం దాకా మూడు మెట్లు తప్ప మరే ఎత్తూ ఎక్కనక్కరలేదు. పొడవాటి ర్యాంపు కోసం చోటు వృథా చేయవలసిన పనీ లేదు.

ఇలా గుంట మట్టి నింపుడులోనే ఉండటం వల్ల ఇంకొక లాభం కూడా ఉంది. మగ్గం దెబ్బ శ్లాబుకు తగిలి ఇల్లంతా పాకకుండా ఆ మట్టిలోనే అణగిపోతుంది. మీ బొమ్మల గదిని మాత్రం మగ్గం గది మీద పెట్టకండి. పై అంతస్తులో రోడ్డు వైపు, ఈశాన్యంలో పెట్టండి. అప్పుడు మగ్గానికీ మీకూ మధ్య మండువా ఎడం, ఒక అంతస్తు ఎడం ఉంటాయి. నేల చెమ్మ అంత ఎత్తుకు ఎక్కదు. పడమటి వైపు మిద్దె మీదుగా చెరువు కనిపిస్తూనే ఉంటుంది. ఫిన్లాండులో తూసులా సరస్సు దగ్గర స్వరకర్త సిబేలియస్ కుటుంబం 1904లో చేరిన ఐనోలా అనే ఇంట్లో, గొట్టాల్లో నీటి చప్పుడు ఆయన పనికి అడ్డమని ఆయన బతికి ఉన్నంతకాలం కుళాయిలే పెట్టించలేదు. ఆరుగురున్న ఇంట్లో అంత పట్టింపు సాధ్యం కాదు కానీ, మోటారునూ నీళ్ళ ట్యాంకునూ మీ గది గోడకు ఆనించకుండా చూసుకోవడం మన చేతిలోని పని.

ఉత్తరపు కిటికీ వెలుతురు నిలకడగా ఉంటుందన్నది నిజమే. అయితే మన అక్షాంశం దగ్గర మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా నడుస్తాడు, వాయవ్యం వైపు అస్తమిస్తాడు. ఆ నెలల్లో సాయంత్రం ఎండ ఉత్తరపు కిటికీలోంచి నేరుగా మీ బల్ల మీద పడుతుంది. కిటికీ మీద రెండడుగుల ఛజ్జా, దాని పడమటి పక్కన నిలువుగా ఒక అడ్డగోడ కట్టిస్తే అది ఆగిపోతుంది.

పడమటి గోడకు అద్దాలు వద్దే వద్దు. చెరువు నిండి ఉన్న నెలల్లో వాలు పొద్దు నీటి మీద తళుక్కుమని కళ్ళు పొడుస్తుంది; చెరువు ఎండిన ఏప్రిల్, మే నెలల్లో ఆ వైపు నుంచి చల్లగాలి మాటే ఉండదు, వడగాలి వస్తుంది; జూన్ దాటితే నైరుతి గాలి వానజల్లును ఆ గోడ మీదికే కొడుతుంది. అందుకే లోతైన వసారా, కిందికి వంగిన మంగళూరు పెంకుల చూరు, వెనక మందమైన గోడ. ఆ గోడను వాస్తుశిల్పి లారీ బేకర్ మన దేశంలో ప్రచారంలోకి తెచ్చిన ర్యాట్ ట్రాప్ కట్టుబడితో కట్టించవచ్చు. ఇటుకలను నిలువుగా పేర్చి నడుమ బోలుగా వదిలే ఈ పద్ధతిలో ఇటుక సుమారు పాతిక శాతం తగ్గుతుంది, గోడలో నిలిచిన గాలి వేడిని ఆపుతుంది. మీ మేస్త్రీకి అలవాటు లేకపోతే ముందు ఒక చిన్న గోడ కట్టించి చూడండి.

వాస్తు విషయంలో పెద్దల మనసు నొప్పించవద్దు. చెరువు మీ హద్దుకు బయట ఉంది. మీ ఆవరణలో నీటి స్థానం ఈశాన్యంలో ఉండేలా సంపును అక్కడ కట్టండి. మంచినీటి గొట్టం వచ్చేది కూడా రోడ్డు వైపు నుంచే కాబట్టి ఖర్చూ తగ్గుతుంది.

గుంటమగ్గం

కుంచెగీత గారూ, మాది నేత కుటుంబం. మేము నేసేవి కూడా తేలియా రుమాళ్ళే. పైన చెప్పిన గుంట ఆలోచన నాకు నచ్చింది, దానికి కొన్ని మాటలు చేర్చాలి.

మగ్గం గది పన్నెండు అడుగుల వెడల్పుకూ పద్దెనిమిది అడుగుల పొడవుకూ తగ్గకూడదు; ఆ పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. మీ మామగారు పడమటి కొసన తూర్పు ముఖంగా కూర్చుంటే ఉత్తరపు వెలుతురు ఎడమ పక్క నుంచి బట్ట మీద సమంగా పడుతుంది. ఎదురుగా వెలుగు ఉంటే కళ్ళు అలసిపోతాయి, వెనక నుంచి వస్తే తన నీడ తన నేత మీదే పడుతుంది. మన పనిలో పేక మీద కట్టిన చిటికి గుర్తు పడుగు గుర్తుతో ప్రతి పోగుకూ కలవాలి. అందులో వెంట్రుకవాసి తేడా వచ్చినా చతురం అంచు చెదిరిపోతుంది. అందువల్ల మగ్గం దగ్గర కూర్చున్నవారికి చెరువు కనిపించడం కన్నా పోగు కనిపించడం ముఖ్యం. చెరువును చూడటానికి వసారా ఉండనే ఉంది. గది పైకప్పుకు, గోడలకు తెల్ల సున్నం వేయించండి. కింద తాండూరు బండ అయితే చల్లగా ఉంటుంది, తుడవడమూ తేలిక.

చెరువు గాలిలోని తేమ నూలుకు మేలు చేస్తుంది. వేసవిలో గాలి పొడిబారితే పడుగు పోగులు పుటుక్కున తెగుతాయి కాబట్టి, చెరువు ఎండిన నెలల కోసం గది ఉత్తరపు కిటికీ కింద రెండు మూడు నీళ్ళ తొట్లు పెట్టుకునే అరుగు కట్టించుకోండి. అదే తేమ మీ కాగితాలకు బూజు తెస్తుంది కనుక నూలు బీరువా, కాగితాల బీరువా ఒకే గదిలో ఉండకూడదు.

మీ అత్తగారి పనిని గీసిన ప్లానులో ఎక్కడా చూపించలేదని గమనించాను. ఆసు చేత్తో పోసేవారికి భుజాలు ఎంత నొప్పి పెడతాయో మన ఇళ్ళలో అందరికీ తెలుసు. ఆ బాధ చూసే చింతకింది మల్లేశం గారు లక్ష్మీ ఆసు యంత్రం రూపొందించారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇవాళ చేత్తో పోస్తున్నా రేపు యంత్రం వస్తుందనుకుని, మగ్గం గది పక్కనే మండువా వైపు తెరుచుకునే ఒక గదిని ఆమెకు కేటాయించండి. ఆమె చిటికి కడుతూ పిల్లల్ని కనిపెట్టుకోగలరు, మామగారితో మాట్లాడగలరు. ఆ గదిలో కరెంటు ప్లగ్గులు నడుము ఎత్తున ఉండాలి.

పడుగు సాగే చోటు గురించి కూడా చెప్పాలి. చీరల పడుగైతే నిడివి 120 అడుగులు దాటవచ్చు. అంత చోటు లేని చోట ఒక కొస చుట్టి పెట్టుకుని విడతలుగా సాగదీసి గంజి పెడతారు. మీకు 98 అడుగుల తిన్నని బయలు ఉండటం చాలా గొప్ప వసతి. రెండు కొసల్లో పడుగు బిగించడానికి, పని అయ్యాక ఊడదీసుకునే కర్ర గుంజలే వాడండి. పొద్దున్నే, ఎండ ముదరకముందు జరిగే పని కాబట్టి ఇంటి నీడ ఆ వేళ పడమటి వైపు పడటం మీకు కలిసి వస్తుంది. చెట్లు మాత్రం పడుగు మీద కొమ్మలు వాలేటంత దగ్గరగా వద్దు. ఆకులూ పక్షుల రెట్టలూ గంజి తడి మీద పడితే పని పాడవుతుంది.

ముఖ్యమైనది నూనె పని. నూలును నూనెలోనూ ఆముదపు కాయల బూడిద తేటలోనూ నానబెట్టి ఆరబెట్టడం రోజుల తరబడి సాగుతుంది, వాసన ఇల్లంతా పట్టుకుంటుంది. దీనికి ఇంటికి దక్షిణంగానో పడమరగానో కాక, ఉత్తరపు పక్కన రోడ్డు వైపున చిన్న రేకుల చావడి వేయండి. వానాకాలపు నైరుతి గాలికి వాసన ఇంట్లోకి రాకుండా పోతుంది. నూనె కలిసిన క్షారపు నీరు, రంగుల నీరు ఒక్క చుక్క కూడా చెరువు వైపు వాలకూడదు. చావడి నేలను రోడ్డు వైపుకే వాలుగా చేసి, నీరు ఇంకని సిమెంటు తొట్టిలోకి పట్టండి. బూడిద తేటను వడకట్టి మళ్ళీ వాడవచ్చు. మిగిలినదాన్ని వెడల్పాటి తొట్టిలో ఎండకు ఆరబెట్టి, అడుగున మిగిలిన మడ్డిని విడిగా తీసేయాలి. వానాకాలంలో ఆ తొట్టి మీద రేకు ఉండాలి. తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చిన తరువాత మన ఊళ్ళ పేరు దూరం దాకా వెళ్ళింది. ఆ పేరు నిలబడాలంటే మన చెరువుల నీరు కూడా శుభ్రంగా ఉండాలి.

గుర్రపుడెక్క

మేము హనుమకొండలో వడ్డేపల్లి చెరువుకు దగ్గరలో ఉంటాం. ఇంటి లోపలి సంగతులు పెద్దలు చెప్పారు కనుక రోజువారీ బతుకులో ఎదురయ్యేవి నేను చెబుతాను.

దోమలకు చాలామంది చెరువును తిడతారు. చేపలున్న తేట నీటిలో దోమ పిల్లలు అంతగా బతకవు. ఇంటి చుట్టూ మూతలేని తొట్లు, పగిలిన కుండలు, గుర్రపుడెక్క పట్టిన మడుగులు వాటి అసలు నెలవులు. గుర్రపుడెక్క వేళ్ళను పట్టుకుని పెరిగే దోమ జాతి కూడా ఉంది. మగ్గం గదిలో నీళ్ళ తొట్లు పెట్టుకుంటే వారానికోసారి తప్పకుండా వంపి, రుద్ది కడగండి. కిటికీలన్నిటికీ జాలీ, వసారా నుంచి లోపలికి వచ్చే తలుపుకు జాలీ తలుపు వేరే ఉండాలి.

తొలకరి పడగానే దీపపు పురుగులు గుంపులుగా వస్తాయి. తడి రంగు మీద ఒక్క పురుగు వాలినా బొమ్మ పాడవుతుంది కాబట్టి రాత్రి పని చేసే గదికి బిగుతైన జాలీ తప్పనిసరి. వసారాలో తెల్లటి దీపాలకు బదులు పసుపు వన్నె దీపాలు పెడితే పురుగులు తగ్గుతాయి. పాముల్లో ఎక్కువగా కనిపించేది విషం లేని నీరుకట్టే అయినా, పిల్లలున్న ఇల్లు కదా, పుల్లలూ ఇటుకలూ గోడకు ఆనించి పేర్చకండి, తలుపు కింద సందు లేకుండా చూసుకోండి.

మరుగుదొడ్డి ట్యాంకును కూడా రోడ్డు వైపే పెట్టండి. ఇంకుడు గుంతకూ తాగునీటి బావికీ మధ్య 18 మీటర్లైనా ఉండాలి. స్నానాల నీటిని కంకర మీద మెట్టతామర మొక్కలు నాటిన చిన్న మడిలోంచి పంపి చెట్లకు మళ్ళించవచ్చు.

కాగితాల బీరువాను గోడకు నాలుగు అంగుళాల ఎడంగా, నేలకు అరడుగు ఎత్తున పెట్టండి. పూర్తయిన బొమ్మలను వానాకాలంలో ప్లాస్టిక్ సంచుల్లో బిగించి ఉంచడం కన్నా, సిలికా జెల్ పొట్లాలు వేసిన రేకు పెట్టెలో ఉంచి, ఎండ కాసిన రోజున తెరిచి గాలి తగలనివ్వడం మేలు.

ఇంకొక్క విన్నపం. చెరువు అంచున బెస్తవారి దారి ఉంటుంది, సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్ళందరూ నీళ్ళ దగ్గరికి వెళ్ళే బాట ఉంటుంది. మీ హద్దు వెంట అలాంటి బాట ఉందేమో ఊరి పెద్దలను అడగండి. ఉంటే అటువైపు గోడ గానీ ముళ్ళకంచె గానీ వేయకుండా, పశువులు రాకుండా తక్కువ ఎత్తు మొక్కల వరుస పెట్టుకుంటే ఊరికీ మీకూ ఇబ్బంది ఉండదు.

కుంచెగీత

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఆసు గది మాట చదివి వినిపించగానే అత్తయ్య చాలా సంతోషించారు. పడుగు పెరట్లోనే సాగుతుందన్నది మామగారికి నచ్చింది. బతుకమ్మ బాట మా స్థలానికి దక్షిణం పక్క నుంచి ఉంది, దాన్ని అలాగే వదిలేస్తాం. మత్తడిమట్టం గారిని ఒక సందేహం అడగాలి. సర్వేయరు యంత్రంతో తెచ్చిన గీత సరైనదో కాదో మాలాంటివాళ్ళం సరిచూసుకునే దారి ఏదైనా ఉందా? పునాది ఈ వేసవిలోనే మొదలుపెట్టమని మేస్త్రీ తొందరపెడుతున్నాడు.

మత్తడిమట్టం

ఉందమ్మా, అన్నిటికన్నా నమ్మకమైన దారి అదే. నిలిచిన నీటికి మించిన మట్టం లేదు. వానాకాలంలో చెరువు నిండి, మత్తడి మీద నీరు సన్నగా పారడం మొదలైన రోజున, గాలి లేని పొద్దున్నపూట, మీ స్థలంలో నీటి అంచు ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ రెండు మూడు చోట్ల రాతి గూటాలు పాతించండి. అదే పూర్తి నీటి మట్టపు గీత. మత్తడి దుంకుతూ ఉద్ధృతంగా పారుతున్నప్పుడు పాతితే గీత ఎక్కువ పైకి వస్తుంది. అప్పుడు దాన్ని వరద గుర్తుగా విడిగా రాసి పెట్టుకోండి, ఇంటి నేల ఎత్తుకు అది పనికొస్తుంది. అయితే అనుమతికి శాఖవారు నిర్ణయించిన గీతే ప్రమాణం. మీ గూటాలు దానికి తేడాగా వస్తే శాఖవారితో కలిసి మళ్ళీ కొలిపించండి.

ఇప్పుడే తొందరపడి పునాది తీయవద్దు. ఈ వేసవిలో నేల పొడిగా ఉండగా మట్టి గుంతలు తవ్వించి చూడండి, నీడచెట్లు నాటడానికి గుంతలు సిద్ధం చేయండి, నాలా మార్పిడికీ నిరభ్యంతర పత్రానికీ దరఖాస్తులు పెట్టండి. చెరువు నిండాక గూటాలు పాతి, సర్వేయరు గీతతో పోల్చి, రెండింటిలో ఏది రోడ్డుకు దగ్గరగా ఉంటే దాని నుంచి 30 మీటర్లు కొలవండి. ఒకవేళ వానలు తక్కువై ఈ ఏడు మత్తడి పారకపోతే యంత్రపు గీతకు తూర్పుగా ఇంకో పదడుగులు అదనంగా వదిలి ప్లాను గీయించండి. అప్పుడు వసారా ఐదడుగులు, ఇల్లు ఇంకో ఐదడుగులు తగ్గుతాయి కానీ మగ్గం గది కొలత మాత్రం తగ్గనివ్వకండి.